పెరుగుతున్న ఆసియా నగరానికి ఎన్ని అంతస్తులు చాలు?

క్లుప్తంగా

భూమి చాలని నగరం పైకి పెరగక తప్పదు. కానీ పైకి పెరగడం వేరు, ఆకాశాన్ని అంటడం వేరు. నగరానికి కావలసింది రైలు స్టేషన్‌కు నడిచి చేరేంత దూరంలో ఎక్కువ ఫ్లోర్ ఏరియా. అది 20 నుంచి 40 అంతస్తుల భవనాలతోనే చాలావరకు సమకూరుతుంది. 150 మీటర్లు దాటాక ప్రతి అంతస్తుకూ ఖర్చు పెరుగుతూ, వాడుకకు మిగిలే చోటు తగ్గుతూ పోతుంది. 250 మీటర్లు దాటితే లాభం ఎక్కువగా ఆ భవనం పేరుప్రతిష్ఠలకే, ఊరికి దక్కేది తక్కువ.

ఎత్తు వేరు, సాంద్రత వేరు

ఆకాశహర్మ్యాల మీద వాదన మొదలవగానే రెండు మాటలు కలగాపులగం అవుతాయి. ఒకటి ఎత్తు, రెండోది సాంద్రత. ఒక హెక్టారు స్థలంలో 80 శాతం మేర 5 అంతస్తులు కడితే మొత్తం కట్టడ వైశాల్యం స్థలానికి 4 రెట్లు. అదే హెక్టారులో 10 శాతం మేర మాత్రమే 40 అంతస్తుల టవర్ లేపినా 4 రెట్లే. చూపుకు ఆ రెండిటికీ పోలికే ఉండదు, ఎఫ్‌ఎస్‌ఐ (మొత్తం కట్టడ వైశాల్యం స్థలానికి ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) మాత్రం ఒక్కటే. అందులో పట్టే జనమూ దాదాపు అంతే.

హాంకాంగ్‌లో ఒకప్పుడున్న కౌలూన్ వాల్డ్ సిటీ దీనికి విపరీత ఉదాహరణ. పక్కనే కైటక్ విమానాశ్రయం ఉండటంతో అక్కడి మేడలు సుమారు 14 అంతస్తుల దగ్గరే ఆగిపోయాయి. అయినా 1987 నాటికి 2.6 హెక్టార్లలో సుమారు 33 వేల మంది ఉండేవారు. అంటే హెక్టారుకు 12 వేల పైమాటే. వెలుతురు, గాలి, మురుగు పారుదల సరిగా లేని ఆ బతుకు ఏ నగరానికీ ఆదర్శం కాదు, 1993–94లో దాన్ని కూల్చేశారు. అయితే జనాన్ని కుక్కడానికి ఆకాశహర్మ్యం అక్కర్లేదని మాత్రం అది తేల్చి చెప్పింది.

ఎదురు ఉదాహరణ ముంబై. అక్కడి 1991 నియమాలు ద్వీప నగరానికి (దక్షిణాన ఉన్న పాత ముంబైకి) ప్రాథమిక ఎఫ్‌ఎస్‌ఐని 1.33కు కట్టడి చేశాయి. ఆ తరువాత బదిలీ హక్కులు (ఒక స్థలంలో వాడని ఎఫ్‌ఎస్‌ఐని మరో చోట వాడుకునే హక్కులు), పునరాభివృద్ధి రాయితీలు, ప్రీమియం కట్టి కొనుక్కునే అదనపు ఎఫ్‌ఎస్‌ఐ వచ్చిపడ్డాయి. పార్కింగ్ పోడియం లాంటి భాగాలను లెక్కలోంచి తీసేయడంతో కింద అంతస్తులకు అంతస్తులు కార్లు, వాటిపైన ఫ్లాట్లు ఉండే సన్నటి టవర్లు లేచాయి. ఎత్తు పెరిగినంతగా నివాసాలు పెరగలేదు. కాబట్టి ‘ఎత్తుకు అనుమతి ఇవ్వాలా’ అన్న ప్రశ్న కన్నా ‘ఎక్కడ, ఎంత ఎఫ్‌ఎస్‌ఐ’ అన్నది ముందు తేలాలి. ఎత్తు ఆ తరువాత వచ్చే లెక్క.

అలాగని ఎత్తుతో సాంద్రత పరంగా ప్రయోజనమే లేదనుకోకూడదు. ఎఫ్‌ఎస్‌ఐ 4 దాకా 6–8 అంతస్తులతోనే నెట్టుకురావచ్చు. 6 దాటాక వెలుతురు కోసం భవనాల మధ్య ఎడం వదలాలంటే 20 అంతస్తుల పైకి వెళ్లక తప్పదు. వాణిజ్య స్థలాల్లో హాంకాంగ్ 15 దాకా, టోక్యో 13 దాకా నిష్పత్తిని అనుమతించే చోట్లున్నాయి. అక్కడ 40, 50 అంతస్తులు మామూలే. ఆ చోట్లన్నీ రైల్వే స్టేషన్ల చుట్టూ ఉన్నాయన్నది గమనించాల్సిన విషయం.

ఖర్చు గీత ఎక్కడ మలుపు తిరుగుతుంది

భూమి ధర ఎక్కువైతే ఎత్తుగా కట్టుకుంటే గిట్టుబాటవుతుందన్నది మామూలు తర్కం. అది సగమే నిజం. కేవలం ఉదాహరణ కోసం అంకెలు వేసుకుందాం. స్థలం చదరపు మీటరు 1,000, ఎత్తు తక్కువైన భవనంలో నిర్మాణం చదరపు మీటరుకు 100 అనుకుంటే, ఎఫ్‌ఎస్‌ఐ 2 దగ్గర ఒక్కో చదరపు మీటరు ఫ్లోర్ మీద భూమి వాటా 500, నిర్మాణం 100, మొత్తం 600. ఎఫ్‌ఎస్‌ఐ 5కు చేరితే భూమి వాటా 200కు దిగుతుంది. నిర్మాణం 115 అయినా మొత్తం 315. ఎఫ్‌ఎస్‌ఐ 10 దగ్గర భూమి 100, నిర్మాణం 140, మొత్తం 240. ఇక్కడి నుంచి 20కి వెళ్తే భూమి వాటాలో తగ్గేది 50 మాత్రమే. నిర్మాణం 200కు పెరిగితే మొత్తం 250.

అంటే మొదటి మెట్ల మీద ఆదా ఎక్కువ, పైమెట్ల మీద దాదాపు శూన్యం. ఇదంతా కట్టిన వైశాల్యం మీద లెక్క. చేతికి వచ్చే కార్పెట్ ఏరియా మీద పంచితే బొమ్మ ఇంకా మారుతుంది. పదిహేను అంతస్తుల భవనంలో సాధారణంగా 80 శాతం పైగా వాడుకకు వస్తుంది. 40 అంతస్తుల ఆఫీసు టవర్‌లో 70–75 శాతం, 60 దాటితే 65–70 శాతం. పై ఉదాహరణలో 72, 66 శాతాలు వేసుకుంటే ఎఫ్‌ఎస్‌ఐ 10 దగ్గర 333, 20 దగ్గర 379 అవుతుంది. ఆదా అనుకున్నది ఎదురు ఖర్చుగా తేలింది.

ఆ చోటంతా తినేది భవనం నడుమ ఉండే కోర్. లిఫ్టులు, మెట్లు, పైపుల షాఫ్టులు (కింది నుంచి పైదాకా వెళ్లే నిలువు దారులు), కరెంటు గదులు అందులోనే. అంతస్తుకు 1,500 చదరపు మీటర్ల చొప్పున 60 అంతస్తుల ఆఫీసు టవర్‌లో మనిషికి 10 చదరపు మీటర్లు వేసుకుంటే సుమారు 6,500 మంది పడతారు. ఉదయం రద్దీలో ఎక్కువసేపు నిలబడకుండా ఉండాలంటే 200–250 మందికి ఒక లిఫ్టు కావాలి. అంటే కనీసం 26. ఒక్కో షాఫ్టుకు ఆరేడు చదరపు మీటర్లు పోతే, కింది అంతస్తులో వాటికే 170 చదరపు మీటర్ల దాకా కావాలి. లిఫ్టు ముందు నిలబడే లాబీ ఇందులో కలపలేదు.

దీనికి విరుగుడుగా లిఫ్టులను జోన్లుగా విడగొడతారు. కొన్ని 20వ అంతస్తు దాకానే, కొన్ని 20 నుంచి 40 దాకా, ఇంకొన్ని పై భాగానికి. ఇంకా ఎత్తైతే మధ్యలో స్కై లాబీ పెట్టి అక్కడ లిఫ్టు మారమంటారు. కౌలాలంపూర్‌లోని 452 మీటర్ల పెట్రోనాస్ టవర్లలో 41–42 అంతస్తుల దగ్గర ఉన్న స్కై లాబీ పని అదే. అక్కడి లిఫ్టులు రెండు డెక్కులవి, ఒకే షాఫ్టులో ఒకేసారి రెండు అంతస్తుల జనాన్ని ఎత్తుతాయి. ఉక్కు తాడుకు కూడా హద్దుంది. సుమారు 500 మీటర్లు దాటితే తాడు బరువే తాడుకు భారమవుతుంది. ఆ పైకి ఒకే పరుగులో వెళ్లాలంటే కార్బన్ ఫైబర్ తాడు కావాలి.

వడ్డీని చాలామంది మరచిపోతారు. 25 అంతస్తుల బ్లాకులు నాలుగు కట్టే బిల్డర్ మొదటి బ్లాకు అప్పగించి, ఆ డబ్బుతో మూడోది మొదలుపెట్టవచ్చు. వంద అంతస్తుల టవర్‌ను అలా ముక్కలుగా అమ్మడం కష్టం. ఐదారేళ్లు ఆదాయం లేకుండా అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నడుమ మార్కెట్ పడిపోతే పని ఆగిపోవడమే. 1997 సంక్షోభంలో ఆగిన బ్యాంకాక్‌లోని 49 అంతస్తుల సాథోర్న్ యూనిక్ దశాబ్దాల తరబడి అస్థిపంజరంలాగే ఉండిపోయింది. టియాంజిన్‌లోని 597 మీటర్ల గోల్డిన్ ఫైనాన్స్ 117 నిర్మాణం 2015లో పైకప్పు దాకా చేరి ఆగిపోయింది. మళ్లీ పని మొదలైంది 2025లో. కిలోమీటరు ఎత్తు లక్ష్యంతో 2013లో మొదలైన జెద్దా టవర్ 2018లో ఆగి, 2025 జనవరిలో మళ్లీ కదిలింది.

గాలి లెక్క

ముప్పై అంతస్తుల దాకా భవనానికి ప్రధాన సమస్య తన బరువే. అక్కడి నుంచి గాలి పెత్తనం మొదలవుతుంది. భవనం ఎత్తు రెట్టింపైతే, గాలి ఒకే తీరున వీచినా పునాది దగ్గర పడే వంపు బలం 4 రెట్లవుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి వేగమూ పెరుగుతుంది కాబట్టి నిజానికి 4 కన్నా ఎక్కువే. అదే గట్టిదనం ఉంచితే కొన దగ్గర ఊగే దూరం 16 రెట్లు. ఊగుడు సాధారణంగా ఎత్తులో 500వ వంతు లోపల ఉండేలా డిజైన్ చేస్తారు. 250 మీటర్ల టవర్‌కు అది అర మీటరు.

ఇందుకోసం ఉక్కు, కాంక్రీటు కుమ్మరిస్తే ఖర్చుకు అంతుండదు. ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లూర్ రహమాన్ ఖాన్ 1960ల్లో చూపించిన దారి ఇది: బయటి స్తంభాలను దగ్గరదగ్గరగా నిలిపి, భవనం మొత్తాన్ని ఒక గొట్టంలా పనిచేయించడం. ఎత్తైన టవర్లు ఎన్నో ఆ దారిలో నడిచాయి. ఇప్పుడు ఎక్కువగా నడుమ గట్టి కోర్, చుట్టూ పెద్ద స్తంభాలు, ఆ రెంటినీ 20–25 అంతస్తులకోసారి కలిపే అవుట్‌రిగ్గర్ దూలాలు వాడుతున్నారు. అవుట్‌రిగ్గర్ ఉన్న అంతస్తు అమ్మకానికి పనికిరాదు. అక్కడ మెషిన్లు, ట్యాంకులు పెడతారు.

భవనం విరగకపోవడం ఒక్కటే చాలదు, లోపలి మనిషికి కడుపులో తిప్పకూడదు. నివాస భవనాల్లో ఊగుడు త్వరణం గురుత్వాకర్షణలో వెయ్యింట 10–15 వంతులు దాటితే ఫిర్యాదులు మొదలవుతాయి. ఆఫీసుల్లో 20–25 దాకా ఓర్చుకుంటారు. ఈ ఊగుడు తగ్గించడానికే 508 మీటర్ల తైపీ 101లో 87, 92 అంతస్తుల మధ్య 660 టన్నుల గోళాన్ని వేలాడదీశారు. 41 ఉక్కు పలకలు పేర్చి చేసిన 5.5 మీటర్ల వ్యాసం గల గోళం అది. భవనం ఎటు వాలితే దానికి ఎదురు దిక్కున కదిలి ఊపును మింగేస్తుంది. 2015 ఆగస్టులో సౌడెలార్ తుపానుకు అది మీటరు దూరం ఊగింది. 632 మీటర్ల షాంఘై టవర్‌లో మరో దారి కూడా పట్టారు. కింది నుంచి పైకి భవనాన్ని 120 డిగ్రీలు మెలితిప్పడంతో గాలి భారం సుమారు 24 శాతం తగ్గింది.

చిన్న భాగమే కొంప ముంచవచ్చు. షెన్‌జెన్‌లో ఇరవయ్యేళ్లుగా నిలబడి ఉన్న ఎస్‌ఈజీ ప్లాజా అనే ఆకాశహర్మ్యం 2021 మే 18 మధ్యాహ్నం ఉన్నట్టుండి ఊగడం మొదలైంది. భూకంపం లేదు, తుపాను లేదు. జనం వీధుల్లోకి పరుగెత్తారు. విచారణలో తేలింది ఏమిటంటే, పైకప్పు మీది మాస్టును (నిలువు స్తంభాన్ని) దాటే గాలి అటొకటి ఇటొకటి సుడులు విడుస్తూ మాస్టును లయగా ఊపింది, ఆ లయ భవనం సహజ లయతో కలిసింది. మాస్టు తీసేశారు.

నేల ఏమంటుంది

డెల్టాల్లో, సముద్రతీరాల్లో వెలసిన ఆసియా నగరాలెన్నిటికో కింద మెత్తటి మట్టి. షాంఘైలో గట్టి రాయి వందల మీటర్ల లోతున ఉంటుంది. పైల్స్ (నేలలోకి దించే పొడవాటి పునాది స్తంభాలు) రాయి మీద ఆనవు, చుట్టూ ఉన్న మట్టి రాపిడితోనే భారం మోస్తాయి. షాంఘై టవర్ పైల్స్ తలల మీద 6 మీటర్ల మందం రాఫ్ట్, అంటే పునాది పలక, వేశారు. 2010లో సుమారు 60 వేల ఘనపు మీటర్ల కాంక్రీటును 60 గంటలు ఆపకుండా పోశారు. ఆపితే పాత పొరకూ కొత్త పొరకూ మధ్య అతుకు పడుతుంది. ఆపకుండా పోస్తే ఇంకో చిక్కు: సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే వేడి అంత మందం లోపల చిక్కుకుపోతుంది. లోపలి వేడికీ పై పొర వేడికీ తేడా 20–25 డిగ్రీలు దాటితే పగుళ్లు వస్తాయి. అందుకే సిమెంటులో కొంత భాగానికి బదులు ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) వాడతారు. పైన దుప్పట్లు కప్పి, లోపల థర్మోకపుల్స్ (వేడిని కొలిచే తీగలు) పెట్టి రోజుల తరబడి వేడి చూస్తుంటారు.

రాయి ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. పెట్రోనాస్ టవర్ల స్థలంలో నేల పరీక్ష కోసం బోర్లు వేస్తే కింద గుహలు పడిన సున్నపురాయి బయటపడింది. టవర్లను సుమారు 60 మీటర్లు పక్కకు జరిపి, వంద మీటర్లు దాటిన లోతుకు పునాదులు దించాల్సి వచ్చింది. ప్లాన్ గీశాక కాకుండా ముందే బోర్లు వేయాలన్న నియమం ఊరికే పుట్టలేదు.

మెత్తటి నేల అసలు గుణం భూకంపంలో బయటపడుతుంది. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన తోహోకు భూకంప కేంద్రానికి సుమారు 770 కిలోమీటర్ల దూరంలో ఒసాకా ఉంది. అక్కడ నేల మీద ఉన్నవారికి ఒక మోస్తరు కుదుపే. సముద్రాన్ని పూడ్చిన నేల మీద నిలబడ్డ 55 అంతస్తుల, 256 మీటర్ల సకిషిమా భవనం మాత్రం దాదాపు పది నిమిషాలు ఊగింది. పై అంతస్తు ఒక్కో వైపుకు 1.37 మీటర్ల దాకా వెళ్లి వచ్చింది. సీలింగ్ పలకలు ఊడాయి, జనం లిఫ్టుల్లో ఇరుక్కున్నారు. దూరం నుంచి వచ్చే భూకంప తరంగాల్లో వేగంగా వణికించేవి దారిలోనే అణగిపోతాయి, ఆరేడు సెకన్లకోసారి మెల్లగా ఊపేవి మిగులుతాయి. ఎత్తైన భవనం సహజంగా ఊగేదీ అదే లయలో. రెండూ కలిస్తే ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టే. పది అంతస్తుల భవనాన్ని తాకకుండా పోయే ప్రమాదం యాభై అంతస్తులదాన్ని వెతుక్కుంటూ వస్తుంది.

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో భూమి కంపించినప్పుడు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లోనూ ఇదే జరిగింది. టవర్ల పైనున్న ఈతకొలనుల నీళ్లు వీధుల్లోకి కుమ్మరించుకుపోయాయి. నిర్మాణంలో ఉన్న ఒక బహుళ అంతస్తుల ప్రభుత్వ భవనం కూలి పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. వాడుకలో ఉన్న ఎత్తైన భవనాలు మాత్రం పగుళ్లతో బయటపడ్డాయి. నగరానికి దగ్గర్లో భూకంప రేఖ లేదన్న ధీమా మెత్తటి నేల మీద పనికిరాదు.

నీళ్లు, కరెంటు, డ్రైనేజీ

అంత ఎత్తుకు నీళ్లెక్కించడానికే కరెంటంతా అయిపోతుందని ఒక అపోహ ఉంది. లెక్క వేస్తే అలా లేదు. 60 అంతస్తులు, అంతస్తుకు 8 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 150 లీటర్లు అనుకుంటే సుమారు 2.9 లక్షల లీటర్లు. మొత్తం నీటిని 200 మీటర్ల పైకి తోడినా, పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే, రోజుకు 260 యూనిట్లు. ఫ్లాటుకు అర యూనిట్ పైచిలుకు. అసలు సమస్య పీడనం. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ ఒక బార్ (పీడనాన్ని కొలిచే యూనిట్) పెరుగుతుంది. కుళాయికి 2–4 బార్లు చాలు. 200 మీటర్ల నుంచి నేరుగా వదిలితే కింది అంతస్తులో 20 బార్లు. కీళ్లు, ఫ్లష్ వాల్వులు నిలవవు. అందుకే 40–50 మీటర్లకోసారి మధ్య ట్యాంకో, పీడనం తగ్గించే వాల్వో పెట్టాలి. ఆ వాల్వుల జాలీలు ఏటా శుభ్రం చేయకపోతే ఇసుక చేరి, ఒక జోన్ మొత్తం పైపులు పగలడం మొదలవుతుంది.

మురుగు పైపుల సంగతి ఇంకా సున్నితం. 2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వ్యాపించినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే టవర్ల సముదాయంలో 300 మందికి పైగా సోకింది, 42 మంది చనిపోయారు. బాత్రూం నేల జాలీ కింద యు ఆకారపు వంపులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే మురుగు గొట్టంలోని గాలిని అడ్డుకుంటాయి. నేల కడగడం మానేసి తుడిచి వదిలేయడంతో చాలా ఇళ్లలో ఆ వంపులు ఎండిపోయాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే గొట్టంలోని తుంపరలు గదిలోకి వచ్చిపడ్డాయి. నిట్టనిలువుగా ముప్పై అంతస్తులు ఒకే గొట్టాన్ని పంచుకుంటే, అరచేతిలో పట్టే నీటి వంపు కూడా ప్రజారోగ్య విషయమే అవుతుంది.

కరెంటు గది ఎక్కడ పెట్టాలన్నది డిజైన్ దశలో చిన్న విషయంలా కనిపిస్తుంది. 2019 అక్టోబరులో హగిబిస్ తుపాను వరద జపాన్‌లోని కవాసాకి నగరం ముసాషి కొసుగి ప్రాంతంలో 47 అంతస్తుల నివాస టవర్ బేస్‌మెంట్‌లోకి చేరింది. ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్ ప్యానెళ్లు అక్కడే ఉన్నాయి. లిఫ్టులు ఆగాయి, నీటి పంపులు ఆగాయి, నీళ్లు లేక టాయిలెట్లూ ఆగాయి. నిర్మాణానికి ఏ గీతా పడలేదు, ఇళ్లు మాత్రం రోజుల తరబడి నివాసానికి పనికిరాకుండా పోయాయి. మరుసటి ఏడాది జపాన్ ప్రభుత్వం కరెంటు పరికరాలను వరద మట్టం పైకి చేర్చాలంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. బేస్‌మెంట్‌లో పరికరాలు పెట్టేది పైన అమ్మకానికి పనికొచ్చే చోటు వృథా కాకూడదనే. ఆ ఆదా ఎవరిది, నష్టం ఎవరిదన్నది అనుమతి ఇచ్చేవారు చూడాలి.

మంటలొస్తే

ఫైర్ సర్వీస్ నిచ్చెనలు సాధారణంగా 30–60 మీటర్లు అందుతాయి. ప్రపంచంలో అతి పొడవైనవి కూడా 110 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. ఆపైన మంటలార్పేది భవనమే: స్ప్రింక్లర్లు (మంట రాగానే సీలింగు నుంచి నీళ్లు చిమ్మేవి), సొంత నీటి నిల్వ, పొగ చొరబడకుండా గాలి నింపే మెట్ల మార్గాలు, ఫైర్‌మెన్ లిఫ్టు. అరవయ్యో అంతస్తు నుంచి ఒంటరిగా దిగడానికే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. వేల మంది ఒకే మెట్ల మీద పడితే గంట దాటుతుంది. అందుకే మధ్యలో ఆగేందుకు ఖాళీ అంతస్తులు ఉంచాలంటారు. చైనా నియమాల ప్రకారం వంద మీటర్లు దాటిన భవనంలో 50 మీటర్లకు మించని ఎడంతో శరణు అంతస్తులు ఉండాలి. చాలా భవనాల్లో ఇవి కాలక్రమంలో సామాన్ల గదులుగా మారిపోతాయి. తనిఖీలో మొదట చూడాల్సింది అదే.

వేడి దేశాల్లో ఇంకో చిక్కుంది. బయట 35 డిగ్రీలు, లోపల 24 డిగ్రీలు ఉంటే 300 మీటర్ల షాఫ్టులో చల్లగాలి బరువుకు కిందికి జారుతుంది. కింది తలుపుల మీద సుమారు 60 పాస్కల్స్ ఒత్తిడి పడుతుంది. రెండు చదరపు మీటర్ల తలుపు మీద అది 12 కిలోల తోపుతో సమానం. లిఫ్టు తలుపులు మూసుకోకపోవడానికి, మెట్ల తలుపు తెరవలేకపోవడానికి కారణం తరచుగా ఇదే. చల్లని దేశాల్లో పొగ షాఫ్టు వెంట పైకే పాకుతుంది. ఇక్కడ మంట చిన్నదిగా ఉన్నంతసేపు కిందికీ జారవచ్చు. చల్లని దేశం కోసం వేసిన పొగ లెక్కను తెచ్చి అతికిస్తే పనిచేయదు.

ఆసియాలో ఇటీవలి ఘోరాలు రెండు మరమ్మతుల సమయంలోనే జరగడం గమనార్హం. 2010 నవంబరులో షాంఘైలో 28 అంతస్తుల అపార్టుమెంటుకు ఇన్సులేషన్ పనులు జరుగుతుండగా నిప్పంటుకుని 58 మంది చనిపోయారు. 2025 నవంబరు 26న హాంకాంగ్ తైపో ప్రాంతంలోని వాంగ్ ఫుక్ కోర్ట్‌లో ఎనిమిది బ్లాకుల్లో ఏడింటిని మంటలు చుట్టుముట్టాయి, 150 మందికి పైగా చనిపోయారు. పరంజా చుట్టూ కట్టిన వలలు, కిటికీలకు అడ్డుపెట్టిన ఫోమ్ పలకలు మంటను ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు మోశాయి. అవేమీ ఆకాశహర్మ్యాలు కావు, ముప్పై అంతస్తుల మామూలు టవర్లు. ఎత్తు పెరిగేకొద్దీ మరమ్మతు రోజులూ, పరంజా ఉండే నెలలూ పెరుగుతాయి.

కింద రోడ్డు పరిస్థితి

పైన చెప్పిన 6,500 మంది ఆఫీసు టవర్‌నే తీసుకుంటే, 40 శాతం మంది కారులో, కారుకు సగటున 1.2 మంది చొప్పున వస్తే సుమారు 2,170 కార్లు. దారితో కలిపి ఒక్కో కారుకు 30 చదరపు మీటర్లు పోతే పార్కింగ్‌కే 65 వేల చదరపు మీటర్లు. టవర్‌లో మనుషులు కూర్చునే చోటూ అంతే! మనుషులకో టవర్, కార్లకో టవర్ కట్టినట్టు. ఇందులో 60 శాతం కార్లు ఒకే గంటలో వస్తే 1,300. సిగ్నళ్లున్న నగర రోడ్డులో ఒక వరుస గంటకు 600 నుంచి 900 కార్లను మించి పంపలేదు. అంటే ఒక్క భవనమే రెండు వరుసలు మింగేస్తుంది.

మెట్రో లైను ఒక దిశలో గంటకు 30 వేల మందికి పైగా మోస్తుంది. అందుకే హాంకాంగ్‌లో 484 మీటర్ల ఐసీసీ టవర్‌ను కౌలూన్ స్టేషన్ నెత్తిన కట్టారు, స్టేషన్ల పైన భూమి హక్కులతో రైలు ఖర్చు రాబట్టుకున్నారు. రైలు రావడానికి పదేళ్లు పడుతుందనగా టవర్లకు ముందే అనుమతి ఇచ్చే నగరంలో ఆ పదేళ్ల పార్కింగ్ అంతస్తులు తరువాత ఎందుకూ పనికిరావు. వాలు స్లాబులు, తక్కువ ఎత్తు సీలింగుల వల్ల వాటిని ఆఫీసుగానో ఇల్లుగానో మార్చలేరు.

నగరాలు గీసుకున్న గీతలు

ప్రపంచంలో ఎత్తైన భవనాలు ఎక్కువగా కట్టిన దేశమే ముందుగా బ్రేకు వేసింది. 2020లో చైనా 500 మీటర్లు దాటే కొత్త భవనాలకు అడ్డుకట్ట వేసింది. 2021 అక్టోబరులో 30 లక్షల లోపు జనాభా ఉన్న నగరాల్లో 150 మీటర్లు దాటితే ప్రత్యేక అనుమతి కావాలని, 250 మీటర్లు దాటకూడదని చెప్పింది. పెద్ద నగరాల్లోనూ 250 మీటర్లు దాటడంపై కఠిన ఆంక్షలు పెట్టింది. అగ్నిమాపక సామర్థ్యం, నిర్వహణ భారం, ఖాళీగా పడి ఉన్న అంతస్తులే దీని వెనకున్న కారణాలు.

సింగపూర్‌ది ఇంకో దారి. విమానాశ్రయాలు, వైమానిక స్థావరాల వల్ల అక్కడి నగర కేంద్రంలో ఎత్తు ఎన్నో ఏళ్లు 280 మీటర్ల దగ్గరే ఆగింది. 2016లో పూర్తయిన గువోకో టవర్ 290 మీటర్లు. అయినా నివాసుల్లో సుమారు 80 శాతం మంది ప్రభుత్వ గృహాల్లో, ఎక్కువగా పది నుంచి నలభై అంతస్తుల బ్లాకుల్లో ఉంటున్నారు. అతి ఎత్తైన టవర్ లేకపోవడం ఆ నగర సంపదకు అడ్డు రాలేదు. సోల్ కథ వేరు. 555 మీటర్ల లోట్టే వరల్డ్ టవర్ కోసం పక్కనున్న సైనిక విమానాశ్రయంలో రన్‌వే దిశనే 3 డిగ్రీలు మార్చారు.

జపాన్‌లోని కోబె నగరం 2020లో సన్నోమియా స్టేషన్ చుట్టుపక్కల కొత్త నివాస టవర్లను నిషేధించింది. జనాభా తగ్గుతున్న నగరం టవర్లను వద్దనడం వింతగా తోచవచ్చు. కానీ ఒకేసారి వందల కుటుంబాలు దిగితే బడులు చాలవు. నలభై ఏళ్ల తరువాత అందరూ ఒకేసారి ముసలివాళ్లయి, మరమ్మతు నిధికి డబ్బు పుట్టదు. లిఫ్టుల మార్పు, పైపుల మార్పు, బయటి గోడల బాగుచేత పాతికేళ్ల లోపే మొదలవుతాయి. చిన్న అపార్టుమెంటులో యాభై మందిని ఒప్పిస్తే సరిపోయే పనికి ఇక్కడ ఐదారు వందల ఓట్లు కావాలి.

పేరు కోసం కట్టే ఎత్తు గురించి ఒక అంకె చాలు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో పై 244 మీటర్లు మనుషులు ఉండేందుకు పనికిరాని భాగం. ఆ ముక్కను విడిగా నిలబెట్టినా అది సుమారు 60 అంతస్తుల ఆఫీసు భవనం ఎత్తు ఉంటుంది.

అనుమతి ఫైలులో ఉండాల్సినవి

ఎదిగే నగరానికి పనికొచ్చే పద్ధతి ఎత్తుకు ఒకే గీత పెట్టడం కాదు, మెట్లు మెట్లుగా షరతులు పెట్టడం. 60 మీటర్ల దాకా మామూలు నియమాలు చాలు. 60 నుంచి 150 మీటర్ల మధ్య మెట్రో లేదా శివారు రైలు స్టేషన్ 500 మీటర్ల నడక దూరంలో ఉండాలి, ప్రధాన మురుగు లైనుకు మిగులు సామర్థ్యం ఉందని రాతపూర్వక లెక్క ఉండాలి, స్థలంలో బోర్ల నివేదిక ప్లాన్ కన్నా ముందు రావాలి. 150 దాటితే విండ్ టన్నెల్ పరీక్ష (భవనం నమూనా మీదికి గాలి వదిలి చూడటం), దూరపు భూకంపాల ఊగుడు లెక్క, వరద మట్టం పైన కరెంటు గది, స్వతంత్ర నిపుణుల చేత డిజైన్ పరిశీలన తప్పనిసరి. 250 దాటే దరఖాస్తుకు ‘ఈ ఫ్లోర్ ఏరియానే తక్కువ ఎత్తులో ఎందుకు కట్టలేరు’ అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. సాధారణంగా జవాబు దొరకదు.

నిర్వహణ నిధి మొదటి రోజునే ఎస్క్రో ఖాతాలో (ఆ పనికి తప్ప వాడకుండా మూడో పక్షం చేతిలో ఉంచే ఖాతాలో) పడాలి. చివరి కాగితం కూల్చివేత ప్రణాళిక. సింగపూర్‌లో 1986 నాటి ఏఎక్స్ఏ టవర్ 52 అంతస్తులది, సుమారు 235 మీటర్లు. నలభై ఏళ్లు నిండకుండానే దాన్ని పైనుంచి కిందికి తీసేసి, 305 మీటర్ల కొత్త భవనానికి స్థలం సిద్ధం చేశారు. యజమానులే ప్రణాళిక ప్రకారం కిందికి దించిన భవనాల్లో అంతకన్నా ఎత్తైనది లేదు.